ఐపీ మార్చినా మళ్ళీ మళ్ళీ కాన్‌ఫ్లిక్ట్ వస్తోందా? ముందు అవతలి మెషీన్‌ను పట్టుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. ఆఫీసులో రెండు సర్వర్లు. ఒకటి విండోస్ మీద నడిచే బిల్లింగ్ సర్వర్, లారీ కాటా దగ్గరున్న కంప్యూటర్ దానికే కలుస్తుంది. రెండోది ఈమధ్యే పెట్టిన లినక్స్ బ్యాకప్ సర్వర్. వడ్ల లారీలు వరుసగా నిలబడిన టైంలో కాటా కంప్యూటర్‌కు బిల్లింగ్ అందడం లేదు. విండోస్‌లో ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని, అంటే ఒకే ఐపీ రెండు మెషీన్లకు ఉందని మెసేజ్ వస్తోంది. రెండు సర్వర్లకూ వేర్వేరు ఐపీలే ఇచ్చామంటున్నారు. బిల్లింగ్ సర్వర్ ఐపీ మార్చితే రెండ్రోజులు బాగుండి మళ్ళీ మొదలవుతోంది. కొత్త సర్వర్ తీసేయాలా అని అడుగుతున్నారు.

సూటిగా జవాబు: తీసేయకండి. గొడవ ఆ రెండు సర్వర్ల మధ్య కాకపోవచ్చు. ఐపీ మార్చాక కూడా సమస్య తిరిగి వస్తోందంటే, మీరు చేత్తో ఇచ్చిన ఐపీ మీ రౌటర్ తనంతట తాను పంచే ఐపీల వరుసలోనే ఉందని నా బలమైన అనుమానం. ఎవరి ఫోనో, ల్యాప్‌టాప్పో, కెమెరానో వచ్చి అదే నంబరు తీసుకుంటోంది. మీరు ఇంకో నంబరుకు మారితే, రెండ్రోజులకు ఆ నంబరు కూడా ఎవరికో ఒకరికి వెళ్తోంది. కాబట్టి ఇంకోసారి ఐపీ మార్చకండి. కాన్‌ఫ్లిక్ట్ నడుస్తుండగానే అవతలి మెషీన్ మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్‌వర్క్ కార్డుకుండే గుర్తింపు సంఖ్య, రాసుకోండి. అది ఏ కేబుల్ మీద ఉందో కనిపెట్టండి. ఆ తర్వాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ రేంజ్, అంటే అది తనంతట తాను పంచే ఐపీల వరుస, సరిచేయండి.

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు మిల్లులు, ఆసుపత్రులు, కాలేజీల నెట్‌వర్క్‌లు చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. దాదాపు అందరూ చేసేది ఒకటే. మెసేజ్ రాగానే దాన్ని మూసేసి, ఐపీలో చివరి నంబరు మార్చి, పని సాగించుకుంటారు. పని సాగుతుంది నిజమే. కానీ అవతలి మెషీన్ ఏదో తెలిసే అవకాశం ఆ నిమిషంలోనే పోతుంది. లారీలు ఆగి ఉన్నప్పుడు ఆ టెన్షన్‌లో ఐదు నిమిషాలు ఓపిక పట్టడం కష్టమని నాకు తెలుసు. అయినా ఆ ఐదు నిమిషాలే మీకు కావాలి.

అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులువు. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లు డేటా పంపేది మ్యాక్ అడ్రస్‌కు. ఐపీ తెలిసి మ్యాక్ తెలియనప్పుడు "ఈ ఐపీ ఎవరిది?" అని నెట్‌వర్క్ మొత్తానికీ వినబడేలా అడుగుతాయి. దీన్నే ఏఆర్‌పీ అంటారు, 1982 నుంచి ఇదే పద్ధతి. పెళ్ళి పందిట్లో "వెంకటయ్యా" అని కేకేస్తే ఇద్దరు పలికినట్టు, ఒకే ఐపీ రెండు మెషీన్లకు ఉంటే రెండూ జవాబిస్తాయి. అడిగిన కంప్యూటర్ ఏదో ఒక జవాబును కొద్దిసేపు గుర్తుపెట్టుకుంటుంది. విండోస్, లినక్స్‌లలో ఈ గుర్తు మామూలుగా అర నిమిషం అటూ ఇటూ తాజాగా ఉంటుంది, తర్వాత మళ్ళీ సరిచూసుకుంటాయి. అందుకే ఒక సీట్లో బిల్లింగ్ నడుస్తుంటే పక్క సీట్లో నడవదు, కాసేపటికి అటుది ఇటు అవుతుంది. "ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది" అని ఎవరైనా చెబితే నేను కేబుల్ కంటే ముందు దీన్నే అనుమానిస్తాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ గొడవలో విండోస్, లినక్స్ ఒకేలా ప్రవర్తించవు. ఐపీ వాడే ముందు "ఇది ఇంకెవరి దగ్గరైనా ఉందా?" అని అడిగి చూసుకునే పద్ధతి 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5227 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది. విండోస్ అలా అడుగుతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడే అవతల ఎవరో ఉన్నారని తెలిస్తే ఆ ఐపీని పక్కన పెట్టి, 169.254తో మొదలయ్యే ఒక ఐపీ పెట్టుకుని కూర్చుంటుంది. చాలా లినక్స్ సర్వర్లు మాత్రం చేత్తో ఇచ్చిన ఐపీని ఎవరినీ అడగకుండా వాడేసుకుంటాయి, స్క్రీన్ మీద ఒక్క ముక్క కూడా చెప్పవు. కాబట్టి మెసేజ్ విండోస్ సర్వర్‌లో వచ్చింది కదా అని తప్పు దానిదే అనుకోకండి. చెప్పగలిగేది అదొక్కటే అయి ఉండొచ్చు.

ఇప్పుడు పట్టుకోవడం ఎలా. మొదట విండోస్ సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో 4199 నంబరు ఈవెంట్ కోసం వెతకండి. ఫలానా ఐపీకి కాన్‌ఫ్లిక్ట్ ఉంది, అవతలి హార్డ్‌వేర్ అడ్రస్ (మ్యాక్) ఇది అని అందులోనే రాసి ఉంటుంది. పాత తేదీల ఈవెంట్లు కూడా ఉంటాయి కాబట్టి ప్రతిసారీ ఒకే మ్యాక్ వచ్చిందా, వేర్వేరు వచ్చాయా చూడండి. మీ విషయంలో ఇది చాలా చెబుతుంది. ప్రతిసారీ ఒకే మ్యాక్ అయితే ఒక మొండి మెషీన్ ఉన్నట్టు. వేర్వేరు మ్యాక్‌లు అయితే నేను పైన చెప్పిన డీహెచ్‌సీపీ సంగతి దాదాపు ఖాయం. రెండు సర్వర్లదే గొడవైతే అక్కడ బ్యాకప్ సర్వర్ మ్యాకే కనిపించాలి. లినక్స్‌లో "ip address" అనే కమాండ్ ఇచ్చి దాని మ్యాక్‌తో పోల్చుకుంటే మీ అసలు ప్రశ్న అక్కడే తేలిపోతుంది.

లాగ్‌లో దొరకకపోతే రాత్రి కాటా ఆగాక ఈ పరీక్ష చేయండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అన్ని సీట్లలోనూ మూసేయించండి, పని నడుస్తుండగా డేటాబేస్ కనెక్షన్ తెంపడం మంచిది కాదు. తర్వాత బిల్లింగ్ సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ పీకండి. ఇంకో విండోస్ కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పాత గుర్తులు పోవడానికి ముందు "ఏఆర్‌పీ మైనస్ డీ స్టార్" ఇవ్వండి, తర్వాత సర్వర్ ఐపీకి పింగ్ కొట్టండి, అంటే అక్కడ ఎవరైనా పలుకుతారేమో అడిగి చూడండి. కేబుల్ పీకిన సర్వర్ ఐపీ నుంచి జవాబు వస్తే వేరే మెషీన్ ఉన్నట్టు రుజువైంది. పింగ్‌కు జవాబు రాకపోయినా అక్కడితో వదిలేయకండి. చాలా మెషీన్లలో ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపుతుంది, కానీ ఏఆర్‌పీకి జవాబు మామూలుగా వస్తుంది. అందుకే వెంటనే "ఏఆర్‌పీ మైనస్ ఏ" ఇచ్చి ఆ ఐపీ పక్కన మ్యాక్ వచ్చిందేమో చూడండి. బ్యాకప్ సర్వర్ లినక్సే కాబట్టి అందులో ఆర్పింగ్ అనే టూల్ వేసుకుంటే ఇంకా తేలిక. ఆ ఐపీకి ఎవరెవరు పలుకుతున్నారో మ్యాక్‌తో సహా చూపిస్తుంది. ఏఆర్‌పీ-స్కాన్ అయితే నెట్‌వర్క్ మొత్తం తిరిగి, ఒకే ఐపీకి రెండు జవాబులు వచ్చిన చోట పక్కనే గుర్తు పెట్టి చూపిస్తుంది.

కేబుల్ పీకి ఉన్నప్పుడే ఇంకో పని చేయండి. అదే ఐపీని బ్రౌజర్‌లో కొట్టి చూడండి. దొంగ మెషీన్ తన లాగిన్ పేజీ తానే చూపించిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. కెమెరా రికార్డరో, ప్రింటరో, వైఫై డబ్బానో పేరుతో సహా స్క్రీన్ మీదకు వస్తుంది.

పింగ్ జవాబులో టీటీఎల్ అనే అంకె కూడా గమనించండి. ఒకే నెట్‌వర్క్‌లో విండోస్ మెషీన్ అయితే మామూలుగా 128, లినక్స్ లేదా ఆండ్రాయిడ్ అయితే 64. వరుసగా పింగ్ కొడుతుంటే ఒకసారి 128, ఒకసారి 64 వస్తోందంటే రెండు వేర్వేరు మెషీన్లు ఒకే ఐపీ మీద ఉన్నట్టే. లినక్స్ సర్వర్లకు ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతిలో) వెళ్ళేవాళ్ళకు హోస్ట్ కీ, అంటే సర్వర్ గుర్తింపు, మారిందని పెద్ద హెచ్చరిక వస్తుంది. చాలామంది ఆ పాత కీ చెరిపేసి ముందుకు వెళ్తారు. అలా చేసే ముందు ఒక్కసారి ఐపీ కాన్‌ఫ్లిక్ట్ ఉందేమో చూసుకోండి.

మ్యాక్ దొరికాక దాని మొదటి సగం చూడండి. మొదటి ఆరు అక్షరాలు తయారీదారుకు కేటాయించినవి, ఇంటర్నెట్‌లో వెతికితే ఏ కంపెనీదో తెలుస్తుంది. వర్చువల్ మెషీన్లకూ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లకూ) గుర్తులున్నాయి: 00-50-56 అయితే వీఎమ్‌వేర్, 08-00-27 అయితే వర్చువల్‌బాక్స్, 52-54-00 అయితే లినక్స్ కేవీఎమ్. కంపెనీ పేరు రాకపోయి, మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఒకటైతే అది చాలావరకు ఫోన్. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి వైఫైకి కల్పిత మ్యాక్ వాడడం మొదలైంది.

మెషీన్ ఎక్కడుందో వెతకడానికి మేనేజ్డ్ స్విచ్ (లోపలికి లాగిన్ అయి చూడగలిగే స్విచ్) ఉంటే అందులో మ్యాక్ అడ్రస్ టేబుల్ చూడండి, ఏ పోర్టు మీద ఉందో చెప్పేస్తుంది. ఎక్కువ స్విచ్‌లు ఈ పట్టికను 5 నిమిషాలే గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి పింగ్ నడుస్తుండగానే చూడాలి. మీ దగ్గర ఉన్నది మామూలు స్విచ్ అయితే, ఒక కంప్యూటర్‌లో ఆగకుండా పింగ్ పెట్టి, స్విచ్ నుంచి సగం కేబుళ్ళు పీకండి. జవాబు ఆగితే పీకిన సగంలో ఉంది, ఆగకపోతే మిగిలిన సగంలో ఉంది. అలా సగం సగం చేసుకుంటూ వెళ్తే 24 పోర్టుల స్విచ్‌లో ఐదు విడతల్లోపే దొరుకుతుంది. పీకే ముందు కేబుళ్ళకు టేప్ వేసి నంబర్లు రాసుకోండి.

మీ ప్రశ్న చదవగానే మహబూబ్‌నగర్‌లో ఒక ఆసుపత్రి సంగతి గుర్తొచ్చింది. ల్యాబ్ రిపోర్టుల సర్వర్ ఐపీ 192.168.1.201. నెలల తరబడి బాగా నడిచింది. పక్కనే కొత్త స్కానింగ్ సర్వర్ పెట్టిన వారంలోనే ల్యాబ్ రిపోర్టులు ఆగడం మొదలైంది. అందరూ కొత్త సర్వర్‌నే తిట్టారు, పెట్టినవాళ్ళను పిలిపించి తీసేయమనే దాకా వెళ్ళింది. నేను వెళ్ళి ల్యాబ్ సర్వర్ కేబుల్ పీకి మ్యాక్ చూస్తే అది సర్వర్ కంపెనీది కానే కాదు. రిసెప్షన్ పక్కన గోడకున్న బయోమెట్రిక్ హాజరు మెషీన్. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోయి అదే వారం ఎవరో రీసెట్ కొట్టారు. ఈ రకం మెషీన్లలో చాలావాటికి ఫ్యాక్టరీ ఐపీ 192.168.1.201. రీసెట్ కాగానే అది తన పాత నంబరుకు వెళ్ళిపోయింది. కొత్త సర్వర్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు. రెండూ ఒకే వారంలో జరిగాయి, అంతే.

ఇలాంటి ఫ్యాక్టరీ ఐపీలు కొన్ని గుర్తుపెట్టుకుంటే మంచిది. హిక్‌విజన్ కెమెరాలు 192.168.1.64, దాహువా కెమెరాలు 192.168.1.108, డెల్ సర్వర్లలో ఐడ్రాక్ అనే రిమోట్ పోర్టు 192.168.0.120. వైఫై రౌటర్లలో ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1. మీ సర్వర్లకు ఈ నంబర్లు ఎప్పుడూ ఇవ్వకండి. పై వాటిలో ఐడ్రాక్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్ద సర్వర్లకు మామూలు నెట్‌వర్క్ పోర్టు కాక ఇలాంటి రిమోట్ పోర్టు ఒకటి ఉంటుంది, దానికి వేరే ఐపీ ఉంటుంది, సర్వర్ ఆఫ్ చేసినా కరెంటు ఉన్నంతసేపు అది పలుకుతూనే ఉంటుంది. "సర్వర్ ఆఫ్ చేశాం సార్, అయినా పింగ్ వస్తోంది" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది దీని గురించే.

మీ బ్యాకప్ సర్వర్‌ను ఎవరైనా వేరే సర్వర్ నుంచి కాపీ తీసి పెట్టారా కనుక్కోండి. కాపీ తీస్తే పాత సర్వర్ ఐపీ కూడా దాంతోపాటే వస్తుంది. ఇందులో మనిషిని తికమక పెట్టే రకం ఒకటుంది. జడ్చర్ల వైపు ఒక ఫ్యాక్టరీలో ఉబుంటు వర్చువల్ మెషీన్ ఒకటి తయారు చేసుకుని దాన్నే కాపీలు తీసి వాడారు. ఐపీలు డీహెచ్‌సీపీ నుంచే వస్తున్నాయి, మ్యాక్‌లు వేర్వేరు. అయినా రెండింటికీ ఒకే ఐపీ వచ్చేది. రౌటర్ చెడిపోయిందని రౌటర్‌నే మార్చారు, అయినా అంతే. కారణం ఏమిటంటే, ఉబుంటు 18.04 నుంచి సర్వర్ ఎడిషన్‌లో నెట్‌వర్క్ చూసే భాగం డీహెచ్‌సీపీకి తన గుర్తుగా మ్యాక్ బదులు మెషీన్ ఐడీ అనే ఫైలు నుంచి తయారైన సంఖ్యను పంపుతుంది. కాపీలో ఆ ఫైలు కూడా అచ్చంగా అదే. కాబట్టి రౌటర్ దృష్టిలో ఇద్దరూ ఒక్కరే, ఒకే ఐపీ ఇచ్చింది. కాపీలో మెషీన్ ఐడీ ఫైలు ఖాళీ చేసి రీస్టార్ట్ చేస్తే కొత్తది పుడుతుంది. లేదా ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ గుర్తుగా మ్యాక్‌నే వాడమని చెప్పొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త: కాపీల్లో ఎస్‌ఎస్‌హెచ్ కీలు కూడా అవే ఉంటాయి కాబట్టి నేను పైన చెప్పిన హోస్ట్ కీ హెచ్చరిక రాదు. మీరు ఏ మెషీన్‌లోకి వెళ్ళారో హోస్ట్‌నేమ్ చూసి, అదీ ఒకటే అయితే మ్యాక్ చూసి నిర్ధారించుకోవాలి.

రెండు సర్వర్లు కలిసి ఒకే ఉమ్మడి ఐపీ పంచుకునే ఏర్పాటు ఉన్నవాళ్ళకు వేరే రకం గొడవ వస్తుంది. ఒకటి పడిపోతే రెండోది ఆ ఐపీ తీసుకోవాలి. తాము బతికే ఉన్నామని ఒకదానికొకటి చెప్పుకునే వీఆర్‌ఆర్‌పీ సందేశాలను ఫైర్‌వాల్ ఆపేస్తే రెండోది "మొదటిది చచ్చిపోయింది" అనుకుని తానూ ఐపీ తీసుకుంటుంది, రెండూ మాస్టరే అవుతాయి. నల్గొండలో ఒక కాలేజీలో ఫైర్‌వాల్ మార్చిన మర్నాడే ఇది చూశాను. మీ మిల్లులో ఈ ఏర్పాటు ఉండదు, కానీ ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఉంటే 224.0.0.18కి వెళ్ళే సందేశాలు ఆగుతున్నాయేమో చూడండి.

ఇక మందు. రౌటర్‌లోకి వెళ్ళి డీహెచ్‌సీపీ రేంజ్ ఎంతో చూడండి. ఎక్కువ చోట్ల ఐపీ చివరి నంబరు 2 నుంచి 254 వరకు మొత్తం దానికే వదిలేసి ఉంటుంది. దాన్ని 100 నుంచి 199 వరకు కుదించండి. సర్వర్లకు 10 నుంచి 29, ప్రింటర్లకు 30 నుంచి 49, కెమెరాలకు 50 నుంచి పైకి, ఇలా మీకు తోచినట్టు పంచుకోండి. ఆ నంబర్లలో ఫ్యాక్టరీ ఐపీలున్నచోటు ఖాళీగా వదిలేయండి. సర్వర్లకు మాత్రం చేత్తోనే, రేంజ్ బయటే ఐపీ ఇవ్వాలని నా అభిప్రాయం. రౌటర్‌లో మ్యాక్ ప్రకారం రిజర్వ్ చేయడం కూడా మంచి పద్ధతే, ప్రింటర్లకు నేను అదే చేస్తాను. కానీ మన దగ్గర రౌటర్ కాలిపోవడం, నెట్ వాళ్ళు వచ్చి కొత్తది పెట్టి వెళ్ళడం మామూలే. రిజర్వేషన్లన్నీ పాత రౌటర్‌తోనే పోతాయి. చేత్తో ఇచ్చిన ఐపీ ఉంటే రౌటర్ లేకపోయినా కాటా కంప్యూటర్‌కూ బిల్లింగ్ సర్వర్‌కూ మధ్య పని ఆగదు.

కొత్త రౌటర్ వస్తే దాని రేంజ్ మళ్ళీ మొత్తానికి తెరిచి ఉంటుందని గుర్తుంచుకోండి. కరెంటు పోయి వచ్చాకే కాన్‌ఫ్లిక్ట్ ఎక్కువగా వస్తుందని చాలామంది చెబుతారు, అది భ్రమ కాదు. చాలా చిన్న రౌటర్లు ఎవరికి ఏ ఐపీ ఇచ్చాయో రీస్టార్ట్‌తో మర్చిపోతాయి, మళ్ళీ మొదటి నుంచి పంచుతాయి. ఇన్వర్టర్ మీద ఉన్న మెషీన్లు మాత్రం పాత నంబర్లతోనే ఉంటాయి. రౌటర్‌ను కూడా యూపీఎస్ మీద పెట్టండి.

వైఫై కోసమని రెండో రౌటర్ ఏమైనా తగిలించారా చూడండి. లాన్ పోర్టులో తగిలించి డీహెచ్‌సీపీ ఆఫ్ చేయకపోతే అదీ సొంతంగా ఐపీలు పంచుతుంది, పైగా రెండు రౌటర్ల ఐపీ ఒకటే అయితే మిల్లు మొత్తం నెట్ పోతుంది. గేట్‌వే ఐపీ (రౌటర్ ఐపీ) పక్కన మ్యాక్ మారుతూ ఉంటే ఇదే మొదటి అనుమానం. రెండో రౌటర్ లేకుండానే అలా మారుతోందంటే తేలిగ్గా తీసుకోకండి, ఎవరైనా కావాలని మధ్యలో దూరి డేటా చూస్తున్నా బయటికి ఇలాగే కనిపిస్తుంది.

అన్నీ సరిచేశాక కూడా కొంతసేపు కొన్ని చోట్ల పని చేయకపోతే కంగారు పడకండి. పెద్ద రౌటర్లు పాత మ్యాక్‌ను చాలాసేపు గుర్తుపెట్టుకుంటాయి. సిస్కో రౌటర్లలో మామూలుగా 4 గంటలు. వాటిలో ఏఆర్‌పీ పట్టిక చెరిపేయండి, లేదా సర్వర్ నెట్‌వర్క్ కార్డును ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి. విండోస్ అయితే ఆన్ కాగానే "ఈ ఐపీ నాది" అని అందరికీ ప్రకటిస్తుంది.

నా అనుభవంలో ఈ సమస్యకు అసలు మూలం మెషీన్లలో ఉండదు. కెమెరాలు ఒకరు పెడతారు, బయోమెట్రిక్ ఇంకొకరు, బిల్లింగ్ వేరొకరు, నెట్ ఇంకెవరో. ఎవరికి వారు ఖాళీగా కనిపించిన ఐపీ పెట్టి వెళ్ళిపోతారు. ఆ రోజు ఆఫ్‌లో ఉన్న మెషీన్ ఐపీ కూడా వాళ్ళకు ఖాళీగానే కనిపిస్తుంది. అందుకే ఐపీ ఇచ్చే అధికారం మిల్లులో ఒక్కరి చేతిలో ఉండాలి. మీ గుమస్తా అయినా సరే. ఒక పుస్తకంలో ఐపీ, మ్యాక్, మెషీన్ ఎక్కడుంది, ఎవరు పెట్టారు, ఏ తేదీన అన్నవి రాయాలి. పనికి వచ్చినవాళ్ళు ఆ పుస్తకంలో రాసి సంతకం చేశాకే డబ్బులివ్వండి. సర్వర్ల మీద, రికార్డర్ మీద ఐపీ రాసిన స్టిక్కర్ అంటించండి.

ముందుముందు హైదరాబాద్ ఆఫీసుతోనో, దేవరకొండలో ఇంకో గోదాముతోనో వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రెండు ఆఫీసుల నెట్‌వర్క్‌లను కలిపే దారి) కలిపే ఆలోచన ఉంటే 192.168.1తో మొదలయ్యే నెట్‌వర్క్ నుంచి ఇప్పుడే బయటపడండి. రెండు చోట్లా అదే ఉంటే ఒకే ఐపీ గొడవ కాదు, నెట్‌వర్క్‌కు నెట్‌వర్కే గొడవ పడుతుంది. 10తో మొదలయ్యేవాటిలో ఒక్కో ఊరికి ఒక్కో నంబరు పెట్టుకోండి. బ్యాకప్ సర్వర్‌లో డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే అది మామూలుగా 172.17తో మొదలయ్యే వరుస తీసుకుంటుంది, దాన్ని ఆఫీసు నెట్‌వర్క్‌కు ఇవ్వకండి.

ఇంతా చేసి దొరకకపోతే 4199 ఈవెంట్‌లో వచ్చిన మ్యాక్‌లు, బ్యాకప్ సర్వర్ మ్యాక్, రౌటర్‌లో డీహెచ్‌సీపీ రేంజ్, స్విచ్ మోడల్ ఇక్కడే కింద పెట్టండి. బ్యాకప్ సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కేబుళ్ళు ఉన్నాయా అన్నది కూడా రాయండి. లినక్స్ ఒక కార్డు ఐపీకి ఇంకో కార్డు నుంచి కూడా జవాబిస్తుంది, కాన్‌ఫ్లిక్ట్ లేకపోయినా ఒకే ఐపీకి రెండు మ్యాక్‌లు కనిపిస్తాయి. అలా అయితే చేయాల్సింది వేరే ఉంటుంది.